అంతగా తెలియని విషయం నంబరు అరవై ఒకటి

నాగులకోడు వరి పరిశోధన కేంద్రంలో డాక్టర్ పాలంకి దక్షిణామూర్తి గారి గురించి తెలియనివాళ్ళు లేరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

దక్షిణామూర్తి గారంటే సామాన్యుడు కాదు. తొమ్మిది రోజులు వరద నీళ్ళలో మునిగినా కుళ్ళని పాలంకి సన్నాలు ఆయన చలవే. ఆ చుట్టుపక్కల లంకల్లో ఏ ఇంట్లో అన్నం వార్చినా ఆయన పేరు తలుచుకోవాల్సిందే. ఆరో తరగతి వాచకంలో ఆయన మీద పాఠం ఉంది. కేంద్రం గేటు దాటగానే ఆయన సిమెంటు విగ్రహం ఉంది. పడవలో నిలబడి, ఒక చెయ్యి ముందుకు చాచి, మునిగిన చేలో పచ్చగా మిగిలిన ఒకే ఒక్క వరిదుబ్బును లోకానికి చూపిస్తూ ఉంటారు. పడవకు ఏటా జనవరిలో నీలం రంగు వేస్తారు.

రికార్డు అసిస్టెంటు హైమవతి పంతొమ్మిదేళ్ళుగా ఆ పడవ పక్కనుంచే ఆఫీసులోకి వెళ్తోంది. ఆవిడ ఉండేది వెనకవైపు గదిలో. పాత పొలం పుస్తకాలు, వర్షపాతం పట్టికలు, ఎవరూ అడగని ఫైళ్ళు, ఎలుకలు, ఆవిడ. కాగితం మీద రాసి ఉన్నది ఏదో ఒకరోజు ఎవరికో ఒకరికి అవసరం పడుతుందని ఆవిడకు గట్టి నమ్మకం. ఈ నమ్మకం ఆఫీసులో ఇంకెవరికీ లేకపోవడం వల్ల ఆ గది ఆవిడకు దక్కింది.

దక్షిణామూర్తి గారు పుట్టి నూరేళ్ళు నిండిన సంవత్సరం, రాజధానిలోని శాస్త్ర స్ఫూర్తి ప్రాధికార సంస్థ నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. "విషయము: మహా శాస్త్రవేత్త శతజయంతి – వారి జీవితమందలి అంతగా తెలియని నూరు విశేషముల సేకరణ – తక్షణ చర్య – గురించి." ప్రజలు ఈ రోజుల్లో తెలిసినవాటిని చదవడం లేదనీ, తెలియనివాటి మీదే మక్కువ చూపుతున్నారనీ, కావున అట్టి విశేషాలు నూరు సేకరించి గ్రంథంగా వెలువరించాలనీ సంస్థ నిర్ణయించింది. ఒక్కొక్క విశేషానికీ ఆధారం జతపరచాలి. అది తెలియనిదే అని ధ్రువీకరణ కూడా జతపరచాలి.

కేంద్రం అధిపతి డాక్టర్ చలపతి గారు మంచి మనిషి. ఏ సర్క్యులర్ వచ్చినా మొదట అందులో తన పేరుందా అని చూసి, లేకపోతే స్థిమితపడేవారు. ఆయన సిబ్బందినందరినీ పిలిచి తలా ఒక విశేషం ఇమ్మన్నారు. వారం తిరక్కుండా నలభై పోగయ్యాయి. దక్షిణామూర్తి గారు మజ్జిగలో బెల్లం వేసుకునేవారు. పేపరు చివరి పేజీ నుంచి మొదలుపెట్టి చదివేవారు. గొడుగు ఎండకే గాని వానకు వేసుకునేవారు కాదు. అన్నీ నిజాలే. నలభైకి నలభై తిరిగి వచ్చాయి. కేంద్రంలో అందరికీ ఇవి తెలిసినట్లు విచారణలో తేలినందున పరిశీలించుటకు వీలుపడదని కింద రాసి ఉంది.

ఎంతమందికి తెలిస్తే తెలిసినట్టు అని చలపతి గారు వినయంగా రాసి అడిగారు. దానికి రెండు నెలల తర్వాత వివరణ వచ్చింది. సర్క్యులర్‌లో 'అంతగా' అనగా ముగ్గురికి మించకుండా అని భావించవలెను.

ఆ వివరణను అందరూ నవ్వుకుని ఫైల్లో పెట్టేశారు. హైమవతి మాత్రం పని చేసుకుపోయింది. ముగ్గురికి మించి తెలియనిది ఎక్కడైనా ఉంటే అది తన గదిలోనే ఉండాలని ఆవిడకు తోచింది. దక్షిణామూర్తి గారి పొలం పుస్తకాలు ఇరవై ఆరు, ఒక్కటొక్కటే దులిపి చదవడం మొదలుపెట్టింది. పన్నెండో పుస్తకంలో, యాభై ఆరేళ్ళ కిందటి వరద తీసిన మర్నాటి పేజీ దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

ఆయన దస్తూరీలోనే ఉంది. "ఈ దుబ్బును చూసింది నేను కాదు. నిన్నంతా చలిజ్వరంతో గెస్ట్‌హౌస్‌లో పడుకుని ఉన్నాను. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ బురదలో దిగిన కూలీ పిల్ల పలివెల వీరయ్యమ్మ దీన్ని చూసి, గుర్తుకోసం కర్ర పాతి, చీర అంచు చించి కట్టి, మా వాళ్ళకు చెప్పింది. వాళ్ళు నవ్వి పంపేశారు. మూడుసార్లు వచ్చింది. మూడోసారి నేను లేచి వెళ్ళాను. గట్టు మీద నడిచే వెళ్ళాను. పడవంటే నాకు భయం."

దాని కింద ఒక ఉత్తరం నకలు కుట్టి ఉంది. ఈ వంగడానికి వీరయ్యమ్మ సన్నాలు అని పేరు పెట్టవలసిందిగా ఆయన పైవాళ్ళకు రాశారు. జవాబు ఒక్క వాక్యం. దినసరి కూలీల పేర్లు వంగడములకు ఉంచు పద్ధతి లేదు.

హైమవతి ఆ పేజీని నాలుగుసార్లు చదివింది. తర్వాత పుస్తకం మూసి, చేతులు కడుక్కుని, పలివెల వీరయ్యమ్మ అనే మనిషి ఇంకా ఉందా అని వాకబు చేసింది. ఉంది. కేంద్రం వెనక కాలవ దాటితే వచ్చే పేటలోనే ఉంది. కేంద్రం పొలాల్లో నలభై ఏళ్ళు ఊడ్పులు ఊడ్చి, కలుపులు తీసి, ఇప్పుడు నడుం పట్టేసి ఇంటిదగ్గర కూర్చుంటోంది.

ఆ ఆదివారం హైమవతి వెళ్ళేసరికి వీరయ్యమ్మ అరుగు మీద కూర్చుని చేట నిండా చింతపండు పోసుకుని పిక్కలు తీస్తోంది. హైమవతి పక్కన కూర్చుని, మామ్మా, వరదలో ఆ దుబ్బును చూసింది నువ్వేనా అని అడిగింది. ముసలమ్మ తల ఎత్తలేదు. తను ఆ మాట చెప్పడం మానేసిందని మాత్రం అంది.

ఎందుకు మానేసిందో మెల్లగా బయటికొచ్చింది. యాభై ఏళ్ళు పేటలో కనపడినవాళ్ళందరికీ చెప్పింది. పెళ్ళిళ్ళలో చెప్పింది, ఊడ్పుల్లో చెప్పింది. పేటంతా నమ్మింది కూడా. కిందటేడు మనవరాలు జ్యోత్స్న ఆరో తరగతికి వచ్చింది. పరీక్షలో వరిదుబ్బును మొదట చూసినవారు ఎవరు అని అడిగారు. పిల్ల మా మామ్మ అని రాసింది. మాస్టారు ఆ జవాబును క్లాసులో పైకి చదివారు. పిల్లలు నవ్వారు. సున్నా ఇచ్చారు.

"ఇంటికొచ్చి నాతో మాట్లాళ్ళేదండి, మూణ్ణెల్లు," అంది వీరయ్యమ్మ. "మామ్మ అబద్ధాలకోరని వాళ్ళమ్మతో చెప్పిందంట. ఆ మేక కూడా అబద్ధవేనంట. మేక పేరు నాకింకా గుర్తుందండి. గౌరి."

హైమవతి సంచి విప్పి పన్నెండో పుస్తకం తీసింది. ఆ పేజీని మెల్లగా చదివి వినిపించింది. గట్టు మీద నడిచే వెళ్ళాను అన్న దగ్గర ముసలమ్మ చేతిలో పిక్క అలాగే ఉండిపోయింది. ఆయన రాశారా అని అడిగింది. రాశారంది హైమవతి. దుప్పటి కప్పుకుని వచ్చారు, పళ్ళు టకటకలాడుతున్నాయి, అంది ముసలమ్మ. మళ్ళీ చేట ఒళ్ళోకి లాక్కుంది. హైమవతి, ఇది అచ్చులో వేయిస్తాను, జ్యోత్స్న చదువుతుంది అని మాట ఇచ్చి లేచింది. ఆఫీసు తరఫున ఎవరికైనా మాట ఇవ్వడం పంతొమ్మిదేళ్ళలో అదే మొదలు.

చలపతి గారు ఆ పేజీ చదివి చాలాసేపు కిటికీలోంచి విగ్రహం వైపు చూశారు. పడవను ఏం చెయ్యాలన్నది ఆయన బెంగ. కాని నూరింటిలో ఒక్కటి కూడా దక్కని కేంద్రంగా మిగిలిపోవడం అంతకన్నా పెద్ద బెంగ. ఆయన లెక్క వేశారు. వీరయ్యమ్మ, హైమవతి, తను. ముగ్గురు. సరిగ్గా సరిపోయింది. సంతకం పెట్టి పంపేశారు.

ఫైలు నెల తిరక్కుండా వెనక్కి వచ్చింది. కేంద్రం నుంచి సంస్థ అధ్యక్షుల బల్ల దాకా పదకొండు మంది సంతకాలు చెయ్యాలి. మొదటి అధికారి సంతకం చేసే వేళకే ఆ విషయం నలుగురికి తెలిసిపోతోంది. వచ్చిన ఫైళ్ళన్నీ ఇలాగే దారిలో తెలిసిపోయి చెడిపోతున్నాయని సంస్థవారు వాపోయారు. దానికి విరుగుడు కనిపెట్టినవారు సంయుక్త సంచాలకులు విరూపాక్షరావు గారు. ఇకపై విశేషాలను లక్క ముద్ర వేసిన కవర్లలో పంపాలి. అధికారులు చదవకుండా ఆమోదించాలి. చదివినట్లు తేలితే క్రమశిక్షణా చర్య. ఈ పద్ధతి అమలులోకి రాగానే ఫైళ్ళు ఎన్నడూ లేనంత వేగంగా కదిలాయి. చదవకుండా సంతకం పెట్టడం అధికారులకు కొత్తగా అనిపించలేదట.

అయితే కవరు బయట ఆ విషయం తెలిసినవారి పేర్లు రాయాలి. వీరయ్యమ్మ పేరు చూసి విరూపాక్షరావు గారికి అనుమానం వచ్చింది. మనిషన్నాక ఒకరికైనా చెప్పి ఉంటుంది కదా. ఆయన స్వయంగా విచారణకు బయల్దేరి వచ్చారు. విషయం ఏమిటో ఆయనకు తెలియకూడదు కనుక, ఆయన అడగడానికీ వీల్లేదు, వాళ్ళు చెప్పడానికీ వీల్లేదు. పేట మధ్యలో కుర్చీ వేయించుకుని, ఒక్కొక్కరినే పిలిచి, వీరయ్యమ్మ విషయం మీకు తెలుసునా, అవును లేదా కాదు అని మాత్రమే చెప్పాలి, అని అడిగారు. పేటలో రెండు వందల పద్నాలుగు మంది. అందరూ అవునన్నారు. ఒక ముసలాయనకు చెవుడు. ఆయన కూడా అవునన్నాడు.

 మామ్మకు ఇచ్చిన మాట అక్కడితో సరి అనుకుంది హైమవతి. విరూపాక్షరావు గారు మాత్రం నిబంధనల పుస్తకం తెరిచి చాలాసేపు చదువుకున్నారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చలపతి గారితో అన్నారు.

"తెలియడం అనగా నేమి? ఆధారపూర్వకంగా ఎరుగుట. వీరి వద్ద పత్రం గాని, పుస్తకం గాని, ధ్రువీకరణ గాని లేదు. కావున వీరికి తెలిసినది తెలిసినట్లు కాదు. వినికిడి మాత్రమే. ఇట్టివారిని లెక్కలోకి తీసుకొను పద్ధతి లేదు."

"అయితే వీళ్ళందరికీ తెలీదంటారా?" అన్నారు చలపతి గారు.

"సంపూర్ణంగా తెలియదు. నేను ఇంతవరకు తిరిగిన ఊళ్ళలో ఇంత భేషుగ్గా తెలియని ఊరు మరొకటి లేదు. అభినందనలు."

అలా ఆ విషయానికి అరవై ఒకటో నంబరు దక్కింది. పేటవాళ్ళకు, మీకేమీ తెలియదని తేలింది అని చెబితే, పోనీలెండి, ఇకనుంచి ఎవరూ వచ్చి అడగరు అన్నారు.

గ్రంథం అచ్చయింది. అచ్చులో కూడా బయటికి పొక్కకూడదని తెలుగు చదవడం రాని కార్మికులున్న ప్రెస్సును దూర రాష్ట్రంలో వెతికి పట్టుకున్నారు. విషయానికి ఒక కాగితం, వెనకవైపు తెల్లగా. రెండు వేల కాపీలు, అట్ట మీద దక్షిణామూర్తి గారి బొమ్మ, పడవతో. పుస్తకాలు వచ్చాక విరూపాక్షరావు గారికి మరో సంగతి తట్టింది. ఎవరైనా చదివితే అందులోవి తెలిసిపోతాయి. తెలిసిపోతే గ్రంథం పేరే తప్పయిపోతుంది. అందుచేత ప్రతి కాపీ చుట్టూ గట్టి దారం కట్టి, సీలు వేసి, అన్ని గ్రంథాలయాల్లోనూ పాఠకులకు కనపడేలా, అందకుండా ఉంచాలని ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వు చదివి హైమవతి తన గదిలో తలుపు వేసుకుని కూర్చుంది. పంతొమ్మిదేళ్ళు కాగితాన్ని నమ్ముకున్నది. ఎలుకలు కొట్టే కాగితాలు చూసింది, చెదలు తినేవి చూసింది. అచ్చు వేసి మరీ కట్టి పెట్టడం చూడలేదు. మామ్మకు ఏం చెప్పాలి? జ్యోత్స్నకు దారం చూపించాలా? ఆ వారం రోజులు ఆవిడ కాలవ వైపు వెళ్ళలేదు.

ఆవిష్కరణ సభ విగ్రహం ముందే పెట్టారు. ఎనిమిది వందల మంది వచ్చారు. మంత్రిగారు సీలు వేసిన పుస్తకాన్ని ఎత్తి చూపించి, ఇందులో ఏముందో నాకు తెలియదని సగర్వంగా చెప్పుకుంటున్నాను అన్నారు. చప్పట్లు కొట్టారు. తర్వాత, విశేషాలతో సంబంధం ఉండి ఇంకా బతికి ఉన్నవారికి సత్కారం. అలాంటివారు నూరు విశేషాలకూ కలిపి ఒక్కరే దొరికారు. వీరయ్యమ్మను వేదిక ఎక్కించారు. నడుం వంగిపోయి ఉందేమో, కుర్చీ దాకా నడవడానికి చాలాసేపు పట్టింది. ముందు వరసలో జ్యోత్స్న తలొంచుకుని కూర్చుంది. ఆ పిల్ల మాస్టారు రెండో వరసలో ఉన్నారు.

చెప్పరాని కారణముల చేత శ్రీమతి పలివెల వీరయ్యమ్మ గారిని సత్కరిస్తున్నాము అని మైకులో చదివారు. శాలువా కప్పారు. విరూపాక్షరావు గారు మైకు ఆవిడ ముందుకు జరిపి, రెండు ముక్కలు మాట్లాడమనీ, ఆ సంగతి మాత్రం ఎత్తవద్దనీ చెవిలో చెప్పారు. చెవిలో చెప్పిన మాట మైకులో అందరికీ వినపడింది.

వీరయ్యమ్మ మైకు వైపు చూసింది. మంత్రిగారి వైపు చూసింది. తర్వాత మనవరాలి వైపు చూసి అక్కడే చూపు నిలిపింది.

"ఏం చేశానో చెప్పకుండా శాలువా కప్పితే, ఏదో తప్పుడు పని చేశానని అనుకుంటారండి," అంది. "నేను మేక కోసం వెళ్ళాను."

అక్కడినుంచి మొత్తం చెప్పింది. ఎవరూ ఆపలేదు. ఆపాలంటే ఆ విషయం అదేనని ఒప్పుకోవాలి, ఒప్పుకోవాలంటే తమకు తెలిసి ఉండాలి. పదకొండు మంది అధికారులూ తెలియనట్టు ముందుకు చూస్తూ కూర్చున్నారు. మోకాటి లోతు బురద, కర్ర పాతడం, చీర అంచు, మూడుసార్లు ఆఫీసు మెట్లెక్కడం, దుప్పటి కప్పుకుని గట్టు మీద వణుకుతూ వచ్చిన డాక్టరుగారు. ఆయన ఆ దుబ్బు పక్కన బురదలోనే కూర్చుండిపోయారు. నీ పేరేంటమ్మా అని అడిగారు. ఆఫీసువాళ్ళలో తన పేరు అడిగింది ఆయనొక్కరే అని చెప్పి వీరయ్యమ్మ ఆగింది. మేక దొరకలేదు అని చెప్పి కూర్చుంది.

జ్యోత్స్న ఎప్పుడు తలెత్తిందో హైమవతి గమనించలేదు. సభ ముగిసేసరికి పిల్ల వేదిక మీద ఉంది. శాలువా కొస ఒకటి తన భుజం మీదికి లాక్కుని, మామ్మను పట్టుకుని మెట్లు దింపుతోంది. మాస్టారు ఎదురొచ్చి ఏదో అనబోయారు. ఇప్పుడు కాదులెండి అన్నట్టు ముసలమ్మ చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

నాలుగో రోజున హైమవతికి మెమో వచ్చింది. అరవై ఒకటో విశేషము ఎనిమిది వందల మంది సమక్షంలో తెలిసిపోయినందున దాని అర్హత రద్దయినది. అందుకు బాధ్యులైన మీరే, గ్రంథాలయములకు పంపుటకై కేంద్రమున నిలువ ఉన్న రెండు వేల కాపీల సీళ్ళు విప్పి, సదరు కాగితమును చదవకుండా తొలగించి, తిరిగి సీలు వేయవలెను. తొలగించిన కాగితములను పాత కాగితముల నిబంధనల ప్రకారం వదిలించుకొనవలెను.

పదకొండు రోజులు పట్టింది. హైమవతి ఒక్కొక్క పుస్తకం దారం విప్పి, అరవై ఒకటో కాగితం కోసి, మళ్ళీ దారం కట్టింది. చదవకుండానే కోసింది. చదవాల్సిన అవసరం ఆవిడకు లేదు. మిగతా తొంభై తొమ్మిది విశేషాలూ వేళ్ళ కింద తెరుచుకున్నా వాటి జోలికి పోలేదు. వాటికోసం ఎవరూ బురదలో దిగినట్టు ఆవిడకు అనిపించలేదు.

పాత కాగితాల నిబంధన ఏమిటో ఆవిడకన్న బాగా తెలిసినవాళ్ళు ఆఫీసులో లేరు. తగలబెట్టాలని అందులో ఎక్కడా లేదు. ఒకవైపు ఖాళీగా ఉండి శుభ్రంగా ఉన్న కాగితాలు స్థానికంగా ఉపయోగించుకునేవారికి ఇవ్వవచ్చు అని ఉంది. రెండు వేల కాగితాలు రెండు కట్టలు కట్టి, రిక్షాలో వేయించుకుని, బస్టాండులో వేయించిన శనగకాయలు అమ్మే నలుగురి బళ్ళకూ సమానంగా పంచి వచ్చింది. రసీదు తీసుకుని ఫైల్లో పెట్టింది.

గ్రంథాలయాల్లో ఆ పుస్తకాలు అద్దాల బీరువాల్లో పై అరలో నిలబడ్డాయి. సంస్థకు ఆ ఏడు మంచి పేరు వచ్చిందనీ, విరూపాక్షరావు గారిని ఇంకో మహానుభావుడి శతజయంతికి వేశారనీ చలపతి గారు చెప్పారు. పడవకు మాత్రం ఆయన ఆ జనవరిలో రంగు వేయించలేదు. కారణం అడిగితే డబ్బా దొరకలేదన్నారు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం హైమవతి ఇంటికి వెళ్ళే బస్సు ఎక్కింది. బస్సు సగం ఖాళీగా ఉంది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం అయిపోయి, ఆవిడ ఎదురు సీట్లో కూర్చుని, పొట్లం విప్పి శనగకాయలు నోట్లో వేసుకుంటూ కాగితం చదువుతున్నాడు. కాయలు అయిపోయినా చదువుతూనే ఉన్నాడు. తర్వాత కాగితాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో మడతలు సాపు చేశాడు.

"మేడమ్, మీరు ఆ వరి ఆఫీసులోనే కదండీ? మన పాలంకి సన్నాలు ఎవరు కనిపెట్టారో తెలుసాండి మీకు?" అని అడిగాడు.

హైమవతి చెప్పమంది.

అతను మేక తప్పిపోయిన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. కాగితంలో లేనివి కూడా రెండు కలిపాడు. వరద పదకొండు రోజులన్నాడు, మేకలు రెండన్నాడు. వెనక సీట్లో కూరగాయల బుట్టతో కూర్చున్న ఆవిడ ముందుకు వంగి, తర్వాతేమైందని అడిగింది. హైమవతి ఒక్క తప్పు కూడా దిద్దలేదు. ఆవిడ దిగవలసిన స్టాపు వచ్చింది, పోయింది. దిగలేదు.